రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు

మనుషుల అక్రమ రవాణా గురించి సందేహాలుంటే రాయమని కిందటి సంచికలో అడిగాను. ఉద్దానం నుంచి, మందస కొండల నుంచి, విజయనగరం, గజపతినగరం వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేసుకుంటూ, న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా కేసులు చూసే లాయరుగా నాకు తెలిసింది చెబుతున్నాను. రాసినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేశాను.

ఎక్కువ ఉత్తరాల్లో ఒక మాట కనబడింది: "పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకోమంటున్నారు." అందుకే ఆ ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాను.

*

ప్రశ్న: మేడం గారికి నమస్కారాలు. మాది కవిటి మండలం. మా అబ్బాయి డిగ్రీ చదివాడు. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, నెలకి డెబ్భై వేలు జీతం అని చెప్పి మా పక్క ఊరి ఏజెంటు లక్షా అరవై వేలు తీసుకున్నాడు. జీడితోట తాకట్టు పెట్టి ఇచ్చాం. బ్యాంకాక్‌లో దిగిన రాత్రే కారెక్కించి వేరే దేశం పట్టుకుపోయారట. పాస్‌పోర్టు లాక్కున్నారు. ఆడపిల్లల ఫొటోలు పెట్టి మన దేశం వాళ్ళతోనే చాటింగ్ చేయించి డబ్బులు లాగించారు. చేయనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. ఎంబసీ వాళ్ళ సాయంతో బయటపడి ఈమధ్యే ఇంటికొచ్చాడు. ఇప్పుడా ఏజెంటు సగం డబ్బు తిరిగిస్తాను, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఊరి పెద్దలూ అదే మేలంటున్నారు. కేసు పెడితే ముందు మా అబ్బాయినే లోపలేస్తారని భయపెడుతున్నారు. ఆ కాగితం జిరాక్సు పంపిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, సంతకం పెట్టించకండి. అబ్బాయి చేతా వద్దు, మీరూ పెట్టొద్దు.

మీరు పంపిన జిరాక్సు జాగ్రత్తగా చదివాను. వంద రూపాయల స్టాంపు కాగితం. డబ్బు సంగతి ఒక్క లైనులో తేల్చేశాడు. మిగతా పేజీ అంతా ఇలా ఉంది: "నేను నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతము లేకుండా విదేశములకు వెళ్ళితిని. సదరు వ్యక్తి నాకు దారి చూపుట మినహా మరేమియు చేయలేదు. అతనిపై ఎట్టి పోలీసు కేసులు పెట్టబోనని అంగీకరించడమైనది." ఎనభై వేలు పోసి ఆ మనిషి కొంటున్నది ఈ మూడు వాక్యాల్నే. రేపు కోర్టులో అతని లాయరు చదివి వినిపించేదీ వీటినే.

చట్టం ఏమంటుందో చూడండి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా గురించి చెబుతుంది. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 370 వర్తిస్తుంది. బెదిరించి గానీ, మోసం చేసి గానీ, డబ్బు ఆశ చూపి గానీ ఒక మనిషిని దోపిడీ కోసం చేర్చుకోవడం, తరలించడం, దాచడం నేరం. ఏడేళ్ళకు తగ్గకుండా పదేళ్ళ దాకా జైలు. ఒకరికంటే ఎక్కువమందిని పంపి ఉంటే పదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. మీ అబ్బాయి ఒప్పుకున్నది కంప్యూటర్ ఉద్యోగానికి. పాస్‌పోర్టు లాగేసుకుని గదిలో పెట్టి కొట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? పైగా ఈ నేరం మీకూ అతనికీ మధ్య బాకీ తగాదా కాదు. మీరిద్దరూ రాజీపడ్డంత మాత్రాన కేసు కొట్టుకుపోదు. కొట్టుకుపోకపోయినా మీ అబ్బాయి మాట మీద మచ్చ పడుతుంది. "ఆనాడు ఇలా రాసిచ్చావు కదా" అని బోనులో నిలబెట్టి అడుగుతారు. అందుకే వద్దంటున్నాను.

ఇక అసలు భయం, అబ్బాయిని లోపలేస్తారని. ఈ విషయంలో మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పోలీసులు ప్రశ్నిస్తారు. అతని ఫోను తీసుకుని చూస్తారు. ప్రాణం తీస్తామని అప్పటికప్పుడు బెదిరించి చేయించిన పనికి చట్టంలో మినహాయింపు ఉంది కానీ, అది వర్తిస్తుందో లేదో తేల్చేది కోర్టు. అయితే ముందుగా తనే వెళ్ళి జరిగింది చెప్పినవాడికీ, వేరే కేసులో పేరు బయటపడ్డాక దొరికినవాడికీ చాలా తేడా ఉంటుంది. 2024 మేలో ఏం జరిగిందో మన వైపు అందరూ చూశారు. కంబోడియాలోని సిహనూక్‌విల్లేలో మనవాళ్ళు వందల మంది ఆ చెర భరించలేక తిరగబడ్డారు. ఆ రోజుల్లోనే విశాఖపట్నం పోలీసులు ఇక్కడ ఏజెంట్లను అరెస్టు చేశారు. తిరిగొచ్చినవాళ్ళు నోరు విప్పారు కాబట్టే అది సాధ్యమైంది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని ఇలాంటి శిబిరాల నుంచి బయటపడ్డ ఐదు వందల మందికి పైగా భారతీయుల్ని థాయిలాండ్‌లోని మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. మీ అబ్బాయి ఒంటరివాడు కాడు. ఇలాంటి మనుషులున్నారని ప్రభుత్వానికి కొత్తగా చెప్పాల్సిన పనీ లేదు.

అందుకని మొదటి రోజే ఒక లాయర్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళండి. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. అక్రమ రవాణా బాధితులకు, ఆస్తి ఎంతున్నా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదంటే జిల్లా కోర్టు ఆవరణలోని ఆఫీసుకి నేరుగా రండి. నేరం ఎక్కడో విదేశంలో జరిగింది, మాకు సంబంధం లేదు అని స్టేషన్‌లో అనొచ్చు. ఒప్పుకోవద్దు. డబ్బు చేతులు మారింది ఇక్కడ, మాయమాటలు చెప్పింది ఇక్కడ. వేరే స్టేషన్ పరిధి అయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపాల్సిందే. 143వ సెక్షన్, అలా తరలించినవాళ్ళని దోపిడీ చేయడం గురించి చెప్పే 144వ సెక్షన్ కింద వచ్చిన ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు శిక్ష వేయొచ్చని అదే న్యాయ సంహిత 199వ సెక్షన్ చెబుతోంది. గొడవ పడమని కాదు, ఆ సెక్షన్ నంబరు ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి. అప్పటికీ తీసుకోకపోతే ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా అడిగి తెచ్చుకోండి.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: ఫోన్‌పే చేసిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, తోట తాకట్టు కాగితం, వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ లెటర్, విమానం టికెట్టు, ఎంబసీ వాళ్ళు పాస్‌పోర్టు బదులు ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఫోన్లో చాటింగులు తుడిచేయమని అబ్బాయికి ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే వినొద్దని చెప్పండి. వాడిని కాపాడేవి అవే.

ఇంకో సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్న ఏజెంటైనా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. లక్షా అరవై వేలు రసీదు లేకుండా తీసుకున్నాడంటేనే అతని సంగతి అర్థమవుతోంది. కానీ ఆ చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. అదొక్కటీ పెట్టి సరిపెడితే ఊరుకోకండి, 143 కూడా చేర్చమని మీ ఫిర్యాదులోనే అడగండి.

డబ్బు మాటేమిటంటారా? తిరిగిస్తానంటే బ్యాంకు ఖాతాలో వేయమనండి. వేసిన సంగతి దర్యాప్తు చేసే అధికారికి చెప్పండి. దానికి బదులుగా ఏ కాగితమూ రాసివ్వకండి. మీ ఊరి పెద్దలు చెడ్డవాళ్ళని నేననను. ఊళ్ళో గొడవ చల్లారాలని వాళ్ళ తాపత్రయం. కానీ మీకిచ్చే ఆ ఎనభై వేలు ఏజెంటు ఎక్కడినుంచి తెస్తాడో వాళ్ళని ఒక్కసారి ఆలోచించమనండి. సోంపేటలోనో కంచిలిలోనో ఇంకో తల్లి ఇప్పుడు తోట తాకట్టు పెడుతూ ఉంటుంది.

*

ప్రశ్న: మాది మందస మండలం, సవర గూడెం. మా అన్న, వదిన, ఇద్దరు పిల్లలు వేరే జిల్లాలో ఇటుక బట్టీకి వెళ్ళారు. మేస్త్రీ నలభై వేలు అడ్వాన్సు ఇచ్చాడు. ఆరు నెలలని చెప్పి ఏడాది దాటినా పంపడం లేదు. బాకీ తీరలేదంటున్నారు. పండక్కి వస్తామంటే అన్నని కొట్టారు. మా అన్న ఫోన్లో పద్దు పుస్తకం ఫొటో పంపాడు. అక్కడి నుంచి రాత్రిపూట ఎలాగోలా తీసుకొచ్చేయాలని మావాళ్ళు అనుకుంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ఆ పద్దు ఫొటో మీరు పంపినందుకు చాలా సంతోషం. అది ఒక్క పేజీయే కానీ కేసంతా అందులోనే ఉంది. మొదటి లైను "అడ్వాన్సు 40,000". కింద వారం వారం "బత్తెం 700". మధ్యలో "ఆసుపత్రి 2,300", "వాన - పని లేదు", "తడిసిన ఇటుక కోత 4,000". కూలి వెయ్యికి ఇంత అని ఎక్కడా లేదు. ఎన్ని వేల ఇటుకలు కోశారో ఒక్కచోటా రాయలేదు. ఆఖర్న "తేలిన బాకీ 52,600" అని గీత గీశాడు. ఏడాది పైన భార్యాభర్తలు మట్టి తొక్కితే బాకీ పన్నెండు వేల ఆరువందలు పెరిగింది!

దీన్ని వెట్టిచాకిరీ అంటారు. 1976 నుంచి మన దేశంలో దీనికి నిషేధం ఉంది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి బాకీ రద్దయిపోయినట్టే. వసూలుకు కోర్టులో దావా కూడా చెల్లదు. ఇది వెట్టి బాకీ కాదు, మామూలు అప్పేనని యజమాని అంటే, రుజువు చేసుకోవాల్సింది అతనే, మీ అన్న కాదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ చాకిరీ కిందికే వస్తుందని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం పనిచేసిన కూలీల కేసు అది. మీరు గిరిజనులు కాబట్టి, చేయించినవాళ్ళు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు మాట. రాత్రిపూట తీసుకొచ్చేయకండి. ప్రాణాపాయం ఉంటే మాత్రం 112కి ఫోన్ చేసి వెంటనే బయటపడమనండి, అందులో రెండో మాట లేదు. ఆ పరిస్థితి లేకపోతే అధికారుల చేత విడిపించాలి. ఎందుకంటే మీ అన్న చేతికి "విడుదల పత్రం" రావాలి. బట్టీ ఉన్న జిల్లా కలెక్టరు గానీ ఆర్డీవో గానీ విచారణ జరిపి, ఇతను వెట్టి నుంచి విముక్తుడయ్యాడు అని ఇచ్చే కాగితం అది. అది ఉంటే బాకీ లేదని ప్రభుత్వమే చెప్పినట్టు. తక్షణ సాయంగా 30 వేల దాకా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ పునరావాస పథకం కింద మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు రెండు లక్షలు, లైంగిక దోపిడీ లాంటి ఘోరాలు జరిగిన కేసుల్లో మూడు లక్షలు. అది లేకుండా లారీ ఎక్కి వచ్చేసినవాళ్ళు ఊళ్ళో మామూలు వలసకూలీలుగానే మిగిలిపోతారు. వచ్చే సీజన్‌కి అదే మేస్త్రీ బాకీ పేరు చెప్పి గుమ్మంలో నిలబడతాడు. ఇది నేను చాలా కుటుంబాల్లో చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు రగిలిపోయింది.

మీరు చేయాల్సింది: తెల్లకాగితం మీద అర్జీ రాయండి. అన్న, వదిన, పిల్లల పేర్లు, వయసు, బట్టీ ఎక్కడుందో దారి గుర్తులతో సహా, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, అడ్వాన్సు ఎప్పుడు తీసుకున్నారో రాసి, పద్దు ఫొటో ప్రింటు జతచేయండి. ఒకటి ఆ జిల్లా కలెక్టరుకి పంపండి, ఒక నకలు పలాస ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అన్న సెల్ లొకేషన్ వాట్సాప్‌లో పంపగలిగితే అదీ రాయండి. అర్జీ రాసే పనిలో సాయం కావాలంటే శ్రీకాకుళం వచ్చి కలవండి. మేస్త్రీ మీ గూడేనికి వచ్చి "సగం బాకీ మాఫీ చేస్తా, అర్జీ వెనక్కి తీసుకోండి" అంటాడు. లేని బాకీలో సగం మాఫీ ఏమిటి? వద్దని చెప్పండి.

*

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. మా చెల్లెల్ని బ్యూటీపార్లర్ పని అని చెప్పి తెలిసినావిడే మహారాష్ట్ర తీసుకెళ్ళి అమ్మేసింది. పోలీసులు విడిపించి కొన్నాళ్ళు హోంలో ఉంచారు. ఇప్పుడు ఇంటికొచ్చింది. అమ్మ తనని బయటకు రానివ్వదు. మొన్న సిరిమానోత్సవానికి ఊరంతా కదిలితే, మా చెల్లి గదిలోనే ఉండిపోయింది. అక్కడి కోర్టు నుంచి సాక్ష్యానికి రమ్మని సమన్లు వచ్చాయి. వెళ్తే పేరు పేపర్లో పడుతుందని అమ్మ ఏడుస్తోంది. వెళ్ళకపోతే ఏమవుతుంది?

జవాబు: అమ్మా, మీ చెల్లెలు ఆ కేసులో ముద్దాయి కాదు, సాక్షి. ఈ ముక్క మీ అమ్మగారికి అర్థమయ్యేలా పదేపదే చెప్పండి. సమన్లు వచ్చాయంటేనే తనని అమ్మినవాళ్ళ మీద విచారణ నడుస్తోందన్నమాట. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది బాధితురాలు రాకపోవడం వల్లే. వాళ్ళ లాయర్లకి కావాల్సిందీ అదే.

పేరు గురించి: అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలు గానీ అచ్చువేసినవాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు. విచారణ కూడా తలుపులు వేసి జరుపుతారు. అంతదూరం వెళ్ళే పరిస్థితి లేకపోతే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని అడగొచ్చు, కొత్త క్రిమినల్ చట్టాలు దానికి వీలు కల్పించాయి. ఈ దరఖాస్తు సమన్లలో ఉన్న తేదీకి ముందే పెట్టాలి. నిందితుల మనుషులెవరైనా ఫోన్లు చేస్తుంటే సాక్షుల రక్షణ పథకం కింద రక్షణ కోరండి. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం అది. విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే ఈ రెండు దరఖాస్తులూ వాళ్ళే రాయించి అక్కడి సంస్థకు పంపించగలరు.

నష్టపరిహారం అడిగారో లేదో మీరు రాయలేదు. అడగండి. నేరస్తులు దొరక్కపోయినా, కేసు తేలకపోయినా పరిహారం కోరే హక్కు ఉంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018 పథకంలో అత్యాచారానికి గురైన స్త్రీకి నాలుగు నుంచి ఏడు లక్షల దాకా ఉంది. అందులో కొంత ముందుగా మధ్యంతర సాయంగా కూడా ఇస్తారు. ఎఫ్ఐఆర్ నకలు, హోం నుంచి ఇచ్చిన ఉత్తర్వు, వైద్య పరీక్ష కాగితాలు, తన పేరు మీద బ్యాంకు పుస్తకం కావాలి. ఖాతా తన ఒక్కదాని పేరు మీదే ఉండాలి. అన్నయ్యతోనో బావగారితోనో జాయింటు వద్దు, ఈ విషయంలో మొహమాటపడకండి.

ఇంట్లో ఉండటం తనకే కష్టంగా ఉంటే, ఉజ్జ్వల, స్వాధార్ పేర్లతో నడిచిన హోంలను ఇప్పుడు కలిపి శక్తి సదన్ అంటున్నారు. అక్కడ ఉండి పని నేర్చుకోవచ్చు. అది తన ఇష్టం మీదే జరగాలి తప్ప పరువు కోసం మీరు పంపకూడదు. మనసు బాగోకపోతే, నిద్ర పట్టకపోతే జిల్లా కేంద్రంలోని వన్ స్టాప్ సెంటరులో కౌన్సెలరు ఉంటారు. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇక సిరిమాను మాట. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మహారాష్ట్రలో తలుపు వేసి ఉంచారని కేసు పెట్టాం. ఇంటికొచ్చాక కూడా తలుపు వేస్తే ఆ పిల్ల ఎవరి మీద కేసు పెట్టాలి? మీ అమ్మగారి బాధ నాకు తెలుసు, ఆవిడని తప్పుపట్టడం లేదు. పక్కింటివాళ్ళు అడిగితే "పనికెళ్ళింది, మోసపోయింది, వచ్చేసింది" అని చెప్పమనండి. మూడు మాటలూ నిజమే. మీరు అక్కగా చేయగలిగింది ఒకటుంది. రేషన్ కార్డులో తన పేరు మళ్ళీ ఎక్కించడానికి, ఆధార్‌లో హోం అడ్రసు మార్పించడానికి సచివాలయానికి వెళ్ళాలి కదా, ఆ పనికి తననే వెంట తీసుకెళ్ళండి. పట్టపగలు, నడిచి.

*

ప్రశ్న: నేను గజపతినగరం వైపు అంగన్‌వాడీ టీచర్ని. మా ఊళ్ళో పదహారేళ్ళ పిల్లని దూరపు చుట్టం ఇంటిపనికని హైదరాబాద్ తీసుకెళ్ళింది. తల్లిదండ్రులకి ఇరవై వేలు ఇచ్చారు. నాలుగు నెలల్నించి ఫోన్ లేదు. వాళ్ళు కంప్లయింట్ ఇవ్వనంటున్నారు. నేను కలగజేసుకోవచ్చా?

జవాబు: కలగజేసుకోండి టీచరమ్మా, ఈ రోజే. ఫిర్యాదు తల్లిదండ్రులే ఇవ్వాలన్న నియమం లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి పిల్ల పేరు, వయసు, తీసుకెళ్ళిన మనిషి వివరాలు చెప్పండి. మీ ఐసీడీఎస్ సూపర్‌వైజరుకి రాతపూర్వకంగా తెలియజేయండి. తర్వాత ఎవరూ "ఆవిడ సొంత పెత్తనం" అనకుండా అది మీకు రక్షణ. గ్రామ సచివాలయం మహిళా పోలీసుని కూడా కలవండి.

పద్దెనిమిదేళ్ళలోపు పిల్లని పనిలో పెట్టి నిర్బంధించినా, జీతం ఇవ్వకుండా తామే ఉంచుకున్నా బాల న్యాయ చట్టం కింద ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. దోపిడీ కోసమే తరలించారని తేలితే 143 కింద పదేళ్ళకు తగ్గదు. పిల్ల దొరికాక 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపాలా వద్దా అన్నది ఆ కమిటీ నిర్ణయిస్తుంది.

ఆ తల్లిదండ్రులకి మీరు చెప్పాల్సింది వేరే ఉంది. ఇరవై వేలు తీసుకున్నాం కాబట్టి మా మీదే కేసు పడుతుందని వాళ్ళు వణుకుతూ ఉంటారు. వాళ్ళని లాయరు దగ్గరికి తీసుకొచ్చి నిజం చెప్పించండి. పిల్ల తిరిగొచ్చాక చదువు ఎక్కడ ఆగిందో చూసి కస్తూర్బా విద్యాలయంలో చేర్పించే ప్రయత్నం చేయండి, హాస్టలు కూడా అక్కడే. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య కింద నెలకి నాలుగు వేలు వచ్చే వీలుంది, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆ ఇల్లు గడవకపోతే ఇంకో చుట్టం ఇంకో ఇరవై వేలతో రావడం ఖాయం.

*

ప్రశ్న: డబ్బాశకి ఇష్టపడి వెళ్ళి, ఇబ్బంది రాగానే ప్రభుత్వం మీద పడతారు. మన పన్నుల డబ్బు వీళ్ళకెందుకు ఖర్చుపెట్టాలి? - ఒక రిటైర్డ్ ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, పెద్దవారు, మీ ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే కాబట్టి అచ్చువేశాను.

డబ్బాశ అన్నారు. నెల జీతం మీద ఆశ అత్యాశ ఎలా అవుతుంది? ఉద్దానంలో తిత్లీ తుపాను 2018 అక్టోబరులో కొబ్బరి, జీడి చెట్లను వేళ్ళతో పెకలించింది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఇళ్ళలోంచి పిల్లలు బయల్దేరితే అది ఆశ కాదు, అవసరం. మనుషుల్ని అమ్మడం, వెట్టి చేయించడం నిషేధమని రాజ్యాంగం 23వ అధికరణలో మనమే రాసుకున్నాం. పరిహారం దయతో ఇచ్చేది కాదు. కాపాడాల్సిన వ్యవస్థ కాపాడలేకపోయినప్పుడు కట్టుకోవాల్సిన బాకీ అది.

యుక్తవయసు వచ్చిన స్త్రీ తనంతట తాను ఎంచుకున్న వృత్తి సంగతి వేరు. అలాంటివాళ్ళని పోలీసులు వేధించకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. నేను మాట్లాడుతున్నది మోసపోయి, అమ్ముడైపోయినవాళ్ళ గురించి. రెండింటినీ కలిపేయడం వల్లే ఈ పిల్లలకి ఎవరూ సాయం చేయడం లేదు.

మీరు ప్రభుత్వాన్ని నిలదీయాలనుకుంటే వేరే చోట నిలదీయండి, నేనూ మీతో వస్తాను. ప్రతి జిల్లాలో అక్రమ రవాణా నిరోధక యూనిట్ ఉండాలని కేంద్రం నిర్భయ నిధి నుంచి డబ్బిచ్చింది. బోర్డు పెట్టి, అందులోని సిబ్బందిని బందోబస్తు డ్యూటీలకి పంపితే ఏం లాభం? రక్షణ, పునరావాసం కలిపి ఒకే సమగ్ర చట్టం తెస్తామన్న బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొంది, రాజ్యసభ ముందుకు రాకుండానే మురిగిపోయింది. 2021లో ఇంకో ముసాయిదా వచ్చింది, అదీ అక్కడే ఉండిపోయింది. మీలాంటి చదువుకున్నవారు ఎంపీలకి రాయాల్సిన ఉత్తరాలు ఇవి.

*

ప్రశ్న: పలాస నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్ళొస్తాను. అప్పుడప్పుడు ఒకే మనిషి వెంట ఏడెనిమిది మంది పిల్లలు బిక్కుబిక్కుమంటూ కనిపిస్తారు. అనుమానమొస్తే ఏం చేయాలి?

జవాబు: ఆ మనిషితో వాదన పెట్టుకోకండి, అతనికి అనుమానం వస్తే తర్వాతి స్టేషన్‌లో పిల్లల్ని దింపేసి మాయమవుతాడు. మీ సీట్లోంచి లేచి రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ 1098కి గానీ ఫోన్ చేయండి. రైలు నంబరు, బోగీ నంబరు, రాబోయే పెద్ద స్టేషను చెప్పండి. శ్రీకాకుళం రోడ్డో విజయనగరమో వచ్చేసరికి రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్ళు సిద్ధంగా ఉండే అవకాశం ఉంటుంది. పిల్లల అక్రమ రవాణాని ఆపడానికి వాళ్ళకి ప్రత్యేక బృందాలున్నాయి. చివరికి అనుమానం నిజం కాదని తేలినా మీ మీద ఏ కేసూ ఉండదు. 1098కి పేరు చెప్పకుండా కూడా ఫోన్ చేయొచ్చు. వీలైతే వాళ్ళు దిగేదాకా అదే బోగీలో ఉండండి, ఎటు వెళ్ళారో చెప్పడానికి ఒక మనిషి కావాలి.